మిగిలిన గోలీలు



గత వర్షాకాలంలో కోరుట్లలో ఒక ఇంటికి వెళ్ళాను. మూడేళ్ళ బాబుకు జ్వరం, ముక్కు కారుతోంది. బీడీలు చుడుతున్న అవ్వ చాట పక్కనపెట్టి, గూట్లోంచి సగం వాడిన గోలీల పట్టీ తీసింది.

"నా సర్దికి ఆర్.ఎం.పి. డాక్టరు ఇచ్చిండు ఫాదర్. రెండు దినాలు మింగితే తగ్గింది. మిగిలినయి పిల్లగానికి అక్కరకొస్తయని దాసిన" అంది. చూస్తే అది సిప్రోఫ్లాక్సాసిన్!

జలుబు వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాను. మరి అవ్వకు తగ్గింది కదా అంటారా? సెమినరీలో తర్కశాస్త్రం చదివేటప్పుడు మాకు మొదట నేర్పింది కాకతాళీయం: కాకి వాలింది, తాటిపండు రాలింది. ఎలాగూ వారంలో తగ్గే జలుబు తగ్గింది, పేరు గోలీకి వచ్చింది.

దీనివల్ల నష్టం ఏమిటి? మన ఒంట్లో కోట్ల బాక్టీరియా ఉంటాయి. మందుకు లొంగేవి చస్తాయి, తట్టుకునేవి మిగిలి పెరుగుతాయి. అనువైన చోట కొన్ని 20 నిమిషాలకే రెట్టింపవుతాయి. పైగా ఆ తట్టుకునే గుణాన్ని వేరే జాతి బాక్టీరియాకూ అందిస్తాయి. 1928లో పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్, 1945లో నోబెల్ ప్రసంగంలోనే చాలీచాలని మోతాదు గురించి హెచ్చరించాడు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది నేరుగా మరణించారని అంచనా.

తప్పంతా అవ్వది మాత్రం కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుండి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ! చీటీ లేకుండా అనేక యాంటీబయాటిక్‌లు అమ్మరాదని, అమ్మినవి రిజిస్టరులో రాయాలని 2014 మార్చి నుండి నిబంధన ఉంది. అయినా అడిగితే ఇచ్చే దుకాణాలు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

సిరిసిల్లలో నాకు తెలిసిన ఒక మరమగ్గం కార్మికుడికి క్షయ సోకింది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, మందు మాని మగ్గం ఎక్కాడు. మళ్ళీ దగ్గు మొదలయ్యేసరికి మొదటి మందులు పనిచేయలేదు. ఇప్పుడు వేరే మందులు వాడుతున్నాడు. అవి మింగితే అన్నం సయించడం లేదంటాడు. భార్య రోజూ ఎదుట కూర్చుని మింగిస్తోంది.

కోరుట్ల బాబును ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ఊపిరితిత్తులు, చెవులు, గొంతు చూసి, పారాసిటమాల్ సిరప్ మాత్రం రాసింది. నీళ్ళు, గంజి బాగా తాగించమని, ఊపిరి వేగంగా తీసుకున్నా, తాగడం మానేసినా వెంటనే తీసుకురమ్మని చెప్పింది. నాలుగోనాటికి జ్వరం దిగింది.

"మరి ఈ పట్టీ దుకాణపాయన వాపసు తీసుకుంటడా ఫాదర్?" అని అవ్వ అడిగింది. నేనే తీసుకెళ్ళి అడిగాను. ఆయన తీసుకోలేదు.