సగం ధరకు రైఫిల్: మా మేనల్లుడికి చెప్పిన సంగతులు

పోయిన నెల మా అక్క కొడుకు ఖానాపురం నుంచి ఫోన్ చేశాడు. ఫౌజు నుంచి దిగి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. "మామా, లైసెన్సు చేతికొచ్చింది. .315 రైఫిల్ ఒకటి సగం ధరకే ఇస్తమంటున్నరు. పెద్దాయన చనిపోయిండట, కొడుకులకు అక్కర లేదట. బయానా ఇయ్యమంటవా?" అన్నాడు.

"ఒక్క పైసా ఇయ్యకు అల్లుడా. ముందు హన్మకొండకు రా" అన్నాను.

పద్దెనిమిదేళ్లు పటాలంలో, ఆ తర్వాత ఇరవై రెండేళ్లు బ్యాంకు గుమ్మం ముందు తుపాకీ పట్టుకొని నిలబడ్డవాణ్ణి నేను. ఆ రాత్రి వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. వీటిలో కొన్ని నేను దెబ్బ తిని నేర్చుకున్నవి.

1. ధర ఎందుకు తగ్గిందో తెలిసేదాకా తుపాకీని ముట్టుకోవద్దు.

మంచి తుపాకీ కూడా చౌకగా దొరకవచ్చు. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించినప్పుడు ఒక మనిషి దగ్గర మూడు ఉండొచ్చన్న హద్దును రెండుకు దించారు. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా వదిలించుకోవాల్సి వచ్చింది. అట్లా కొన్ని చక్కటి తుపాకులు అగ్గువకు చేతులు మారాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనుకు మోసుకెళ్లి అప్పజెప్పలేక, రెన్యువల్ చుట్టూ తిరగలేక అమ్ముకునే ముసలివాళ్లూ ఉంటారు. ఇవి దాచుకోవాల్సిన కారణాలు కావు, అడిగితే చెప్పేస్తారు. గొట్టం అరిగిపోవడం, నంబర్లు కలవకపోవడం, కాగితం చచ్చిపోవడం మాత్రం అమ్మేవాడు తనంతట తాను చెప్పడు. మనమే తవ్వి తీయాలి.

2. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది. మనిషి పోతే అదీ పోతుంది.

మావాడి బేరంలో అసలు ముల్లు ఇదే. చాలామంది తుపాకీని పొలం లాగా, బండి లాగా అనుకుంటారు. నాయన పోతే కొడుకుదే కదా అంటారు. కాదు. లైసెన్సుదారు కన్నుమూస్తే ఇంట్లోవాళ్లు ఆ తుపాకీని, మిగిలిన తూటాలను ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లోనో లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలోనో జమ చేయాలి. చట్టంలో 21వ సెక్షన్ ఈ మాటే చెబుతుంది. జమ చేసి రశీదు తీసుకున్నంత మాత్రాన హక్కు పోదు. వారసుల్లో ఒకరు లైసెన్సు తెచ్చుకుని విడిపించుకోవచ్చు, లేదా లైసెన్సు ఉన్న మరొకరికి అమ్మవచ్చు. జమ చేయకుండా ఇంట్లో ఉంచుకున్న కొడుకు చేతిలో ఆ తుపాకీ లైసెన్సు లేని తుపాకీయే. దానికి ఇప్పుడు రెండేళ్లకు తగ్గకుండా, అయిదేళ్ల దాకా జైలు.

"వాళ్లు స్టేషన్ల జమ చేసిన్రా?" అని అడిగాను. "అటక మీదనే ఉందట మామా" అన్నాడు.

లైసెన్సుదారు బతికుండి తానే మరొకరికి అమ్ముకోవాలన్నా పద్ధతి ఉంది. ఎవరికి అమ్ముతున్నాడో పేరు, చిరునామాతో సహా అధికారికో స్టేషనుకో రాసిచ్చి, 45 రోజులు ఆగాలి. "రేపే తీసుకుపో" అని తొందరపెట్టేవాడి దగ్గర నిలబడే పనే లేదు.

3. నంబరును వేలుపెట్టి చదవాలి.

ఇది నా సొంత కథ. 1995లో పటాలం నుంచి వచ్చాక గార్డు కొలువు కోసం పాత పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ కొన్నాను. దుకాణదారు కాగితం రాసిచ్చాడు, నేను మడిచి జేబులో పెట్టుకున్నాను. గొట్టం మీద నంబరులో చివరి అంకె 7. రశీదులో పడింది 1. రశీదు చూసి లైసెన్సులోనూ అదే ఎక్కించారు. రెన్యువల్‌కు తుపాకీని చూపించిన రోజున ఆ ఒక్క గీత నా మెడకు చుట్టుకుంది. ఈ తుపాకీ ఎవరిది, నీది ఎక్కడ అని అడిగారు. అది తేలడానికి పదకొండు నెలలు పట్టింది. అన్నాళ్లూ తుపాకీ స్టేషన్లో ఉంది, నేను ఇంట్లో ఉన్నాను, జీతం లేదు. నా భార్య గాజులు తాకట్టుకు పోయింది ఆ ఏడే.

అందుకని గొట్టం మీది నంబరు, బాడీ మీది నంబరు, రైఫిల్ అయితే బోల్టు మీది నంబరు ఒక్కొక్క అంకె పలుకుతూ చదవండి. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి కాగితంతో సరిచూడమనండి. అమ్మేవాడి లైసెన్సు మీద యూఐఎన్ నంబరు ఉందో లేదో చూడండి. దేశంలోని లైసెన్సులన్నీ ఒకే జాబితాలోకి ఎక్కించడానికి పెట్టిన గుర్తు అది. నంబరు దగ్గర ఆకురాయి పెట్టినట్టు, సానబట్టినట్టు కనబడితే ఇంకేమీ అడగకుండా లేచి రండి.

4. .315ను, .303ను కలగలపొద్దు.

ఈషాపూర్, తిరుచిరాపల్లి ఫ్యాక్టరీల .315 రైఫిల్ పౌరుల కోసం చేసింది. దాని బోల్టు, బాడీ పటాలంలో మేము మోసిన పాత .303 వరసలోనే ఉంటాయి. దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లాగుంటాయి. చట్టం దగ్గరికొచ్చేసరికి నేలకూ నింగికీ ఉన్నంత తేడా. .303 నిషిద్ధ బోరు. మామూలు లైసెన్సు మీద అది దొరికితే ఏడేళ్లకు తగ్గని శిక్ష, పద్నాలుగేళ్ల దాకా. గొట్టం మార్చినా, ఛాంబర్ తొలిచినా పైకి తెలియకపోవచ్చు. కొత్తవాడు కంటితో తేల్చలేడు. తుపాకులు బాగుచేసే ఆర్మరర్ పని తెలిసినవాడి చేతికివ్వాలి.

5. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడాలి.

ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే బోల్టు బయటికి లాగాలి. పుల్‌త్రూకు, అంటే గొట్టం తుడిచే తాడుకు, చిందీ కట్టి రెండుసార్లు లాగి, వెనక వైపు నుంచి ఆకాశం వెలుతురులోకి చూడాలి. గొట్టం లోపలి చాళ్లు అంచు కట్టి మెలి తిరుగుతూ మెరవాలి. నల్లటి చుక్కలుంటే తుప్పు తిన్నదన్నట్టు. లోపల ఒక్కచోట ఉంగరం లాంటి నీడ కనబడితే గొట్టం అక్కడ ఉబ్బింది. ఎప్పుడో ఏదో అడ్డం పడి ఉండగా కాల్చారన్నమాట. దాన్ని ఉచితంగా ఇచ్చినా తేవద్దు. కాల్చేవాడి ముఖం, ఎడమ చెయ్యి ఆ గొట్టానికి జానెడు దూరంలో ఉంటాయి.

పాత తూటాలు కలిపి ఇస్తామంటే వద్దనండి. పిన్ను కొట్టినా పేలలేదంటే, గొట్టాన్ని నేల వైపు పెట్టి అరనిమిషమన్నా కదలకుండా ఉండాలి. ఆలస్యంగా పేలిన తూటాను నేను పటాలం కోత్ (ఆయుధాగారం) వెనక రేంజిలో ఒకసారి కళ్లారా చూశాను.

6. ఎందుకు కొంటున్నావో నోరు తెరిచి చెప్పు.

మావాడు రెండు కారణాలు చెప్పాడు. గార్డు కొలువొకటి, పొలం మీద పడే అడవి పందులొకటి. బ్యాంకులు గార్డును ఎక్కువగా అడిగేది పన్నెండు బోరు. జనం మధ్య కిలోమీటరు దాటి పోయే రైఫిల్ గుండుతో కాపలా కాయడం నాకూ నచ్చదు. ఇక పందుల సంగతి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం, అటవీశాఖ అనుమతి లేకుండా సొంత తుపాకీతో పందిని కొడితే వేట కేసే. పైగా వాడి ఊరు పాఖాల అభయారణ్యం పక్కన. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల ఉండే లైసెన్సుదారులు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర పేరు నమోదు చేసుకోవాలన్న నిబంధన అదే చట్టంలో ఉంది. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు వాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

7. చౌక తుపాకీ వెనక చౌక లైసెన్సు కూడా వస్తుంది.

"ఇక్కడ ఆలస్యమైతది, జమ్మూ నుంచి తెప్పిస్తం" అనే దళారులను గార్డుల మధ్య నేనెందరినో చూశాను. అక్కడ అడ్డదారిన ఇచ్చిన లైసెన్సుల మీద సీబీఐ 2018లో కేసులు పెట్టింది. హైదరాబాదులో సైతం అలాంటి కాగితాలతో తిరిగే గార్డులు పట్టుబడ్డారు. వాళ్లలో దొంగలు తక్కువ, పొట్టకూటికి మోసపోయినవాళ్లే ఎక్కువ అని నా నమ్మకం. కేసు మాత్రం గార్డు మీదే.

8. ఓరుగల్లులో తుపాకీ ఉత్త ఇనుప ముక్క కాదు.

ఎనభైలు, తొంభైల్లో లైసెన్సు తుపాకీ ఉన్న ఇల్లంటే రాత్రి అన్నలు (నక్సలైట్లు) వచ్చి అడిగే ఇల్లు, పొద్దున పోలీసులు వచ్చి అడిగే ఇల్లు. మా ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు తమ తుపాకులను స్టేషన్లో అప్పజెప్పి, ఆ రోజు నుంచే కంటి నిండా నిద్రపోయామని నాతో అన్నారు. ఇప్పుడు ఆ రోజులు లేవు. అయినా ఇంట్లో పిల్లలుంటారు, తాగి వచ్చే బంధువులుంటారు, పెళ్లి బరాత్‌లో "ఒక్కసారి పేల్చు బావా" అనేవాళ్లుంటారు. అట్లా సంబరానికి పేల్చి ఇతరుల ప్రాణం మీదికి తేవడం కూడా 2019 నుంచి రెండేళ్ల జైలుకు దారితీసే నేరం. ఇనుప బీరువా కొని, గోడకు బిగించి, తూటాలను వేరే తాళంలో పెట్టే స్తోమత లేకపోతే తుపాకీ కొనే స్తోమత లేనట్టే.

మావాడు ఆ రైఫిల్ కొనలేదు. వాణ్ణి వెంటబెట్టుకుని ఆ పెద్దాయన కొడుకుల దగ్గరికే వెళ్లాను. రెండు రోజులకు వాళ్లు వకీలును తోడు తీసుకుని, తుపాకీని తూటాలతో సహా స్టేషన్లో జమ చేసి రశీదు తెచ్చుకున్నారు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇంకా ఎన్ని అటకల మీద చనిపోయినవాళ్ల తుపాకులున్నాయో. మీ ఇంట్లో అలాంటిది ఉంటే కొనేవాడి కోసం వెతక్కండి. లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం పట్టుకుని ముందు స్టేషనుకు వెళ్లండి. తుపాకీని ఎట్లా తీసుకురావాలో వాళ్లనే అడిగి, జమ చేసి, రశీదు తీసుకోండి.