కాళ్ల మీద ఉద్యోగం

కొవ్వూరు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

రాజమండ్రి మెయిన్‌రోడ్డులో బట్టల షోరూములో నీకు పని దొరికిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. పట్టుచీరల సెక్షన్లో వేశారట కదా. మాటల మధ్యలో మీ అమ్మ, "సాయంత్రానికి దాని కాళ్లు వాచిపోతున్నాయక్కా, అలవాటైతే అదే తగ్గుతుందిలే" అంది. తగ్గదమ్మా. నర్సుగా నా ఉద్యోగమంతా వార్డు గచ్చు మీదే గడిచింది కనక చెబుతున్నాను. ఓర్చుకోవడం అలవాటవుతుంది గానీ పాదానికి జరిగే నష్టం ఆగదు. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి ఊరుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

మీ పెదనాన్న కూడా బట్టల కొట్టు మనిషే. తాడితోట హోల్‌సేల్ కొట్లో గుమస్తాగా చేసిన రోజుల్లో చెప్పులు గుమ్మం బయట వదిలేసి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని తానులు విప్పేవారు. వచ్చిన బేరం కూడా ఆ పరుపు మీదే కూర్చునేది. నడుం పట్టేసిందనేవారు గానీ కాళ్లు వాచాయని ఆయన నోట ఎప్పుడూ వినలేదు. మీ షోరూముల్లో పరుపు పోయి కౌంటరు వచ్చింది. కింద గ్రానైటు. కొనేవాళ్లకు కుర్చీలుంటాయి, చూపించేవాళ్లు మాత్రం నిలువుకాళ్ల మీద ఉండాలి. ఆషాఢం తగ్గింపులతో మొదలైతే శ్రావణం పెళ్లిళ్లు, దసరా, దీపావళి, సంక్రాంతి దాకా మీకు తెరిపి ఉండదు. పైగా 2027లో పుష్కరాలు. 2015లో వచ్చిన జనం నీకు గుర్తుందో లేదో, అప్పటికి చిన్నపిల్లవి. ఆ రద్దీలోకి నొప్పి కాళ్లతో వెళ్లకూడదు.

నడిచేటప్పుడు పిక్క బిగుస్తూ వదులవుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తుంది. ఒకేచోట కదలకుండా నిలబడితే పిక్కకు ఆ పని ఉండదు. రక్తం కిందనే నిలిచి కాళ్లు బరువెక్కుతాయి, చీలమండలు వాస్తాయి. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే కొందరికి పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. అందుకే రోజంతా తిరిగేవాళ్ల కన్నా కౌంటరు వెనక నిలబడేవాళ్లకే బాధ ఎక్కువ. ఇక అరికాలి సంగతి. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా ఒక గట్టి పట్టీ ఉంటుంది, పాదం వంపును పట్టి ఉంచేది అదే. గట్టి నేల మీద పలచటి చెప్పుతో గంటలకొద్దీ నిలబడితే ఆ పట్టీ లాగి లాగి మడమ దగ్గర దెబ్బతింటుంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు వచ్చి, నాలుగడుగులు వేశాక తగ్గుతోందంటే అదే. నీకింకా రాలేదనుకుంటాను. వస్తే దాచకు.

ఇప్పుడు చెప్పులు కొనడం గురించి. పొద్దున పూట వెళ్లకు. డ్యూటీ దిగాక, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడే వెళ్లు. పొద్దున సరిపోయింది సాయంత్రానికి బిగిసిపోతుంది. వెళ్లే ముందు ఇంట్లో తెల్లకాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీయించుకో. రెండూ ఒకేలా ఉండవు, పెద్దదాని కొలతకే కొనాలి. షాపులో చెప్పును ఆ గీత మీద పెట్టి చూడు. గీత ఎక్కడైనా బయటికి వచ్చిందంటే అది నీది కాదు. అక్కడి కుర్రాడు "వాడితే వదులవుతుందండి" అంటాడు, వినకు. పొడవాటి వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత జాగా మిగలాలి, వేళ్లు లోపల కదలాలి.

నెంబరును నమ్ముకోవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మనం అడిగే ఆరు, ఏడు నెంబర్లు ఇంగ్లీషు వాళ్ల కొలతలు. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధనా సంస్థ వాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలు కొలిచారు. మన పాదాలు పాశ్చాత్యుల పాదాల కన్నా వెడల్పని తేలింది. మనవాళ్లు వెడల్పు చాలక ఒక నెంబరు ఎక్కువ కొని, పొడవు మిగిలి కాలు జారుతుంటే అవస్థ పడుతున్నారన్నమాట. మనకంటూ 'భ' అనే కొలత పెట్టాలని వాళ్లు ప్రతిపాదించారు. అది అన్ని షాపులకూ వచ్చే దాకా నీ కాగితమే నీకు కొలత. ఆడవాళ్ల సెక్షన్లో అన్నీ సన్నగానే ఉంటే మగపిల్లల సెక్షన్లో చూడు. మొహమాటం వద్దు.

చెప్పును చేతిలోకి తీసుకుని ముందు చివరా వెనక చివరా పట్టుకుని తడిబట్ట పిండినట్టు పిండు. మెలి తిరిగిపోతే అది నీ బరువు మోయదు. వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడిమికి మడత పడకూడదు. మడమ వెనక గోడ గట్టిగా ఉండాలి. మెత్తదనం చూసి మోసపోకు. బొటనవేలితో నొక్కితే దిగిపోయి అలాగే ఉండిపోయే స్పాంజి నెల తిరక్కుండా అణిగిపోతుంది. నొక్కితే దిగి, వదలగానే లేవాలి. ముందు పట్టీ ఒక్కటే ఉన్న చెప్పు రోజంతా వద్దు. అది ఊడకుండా వేళ్లు బిగబట్టి బిగబట్టి పిక్కలు లాగుతాయి. వెనక పట్టీ ఉన్న శాండల్ గాని, లేసుల బూటు గాని తీసుకో. చీర కింద బూట్లేమిటని నవ్వుతారేమో అనుకోకు. మేం తెల్లచీర మీద తెల్ల బూట్లు వేసుకునే కదా వార్డుల్లో తిరిగాం.

డాక్టరు చెప్పులని అమ్మే ఎం.సి.ఆర్. చెప్పులు నీకూ చూపిస్తారు. వాటి పుట్టుక తెలుసుకోవాల్సిందే. కుష్ఠు వచ్చినవాళ్లకు పాదాల్లో స్పర్శ పోతుంది. రాయి గుచ్చుకున్నా తెలియక నడుస్తూనే ఉంటారు, పుండ్లు పడతాయి. ఒకప్పుడు మన రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషను ఆసుపత్రికి అలాంటివాళ్లు ఎందరో వచ్చేవారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆ పుండ్లకు చాలావరకు కారణం నొప్పి తెలియకపోవడమేనని, పాదం మీద ఒత్తిడి తగ్గిస్తే వాటిని ఆపవచ్చని చూపించారు. ఎం.సి.ఆర్. అంటే సన్నని గాలి బుడగలున్న మెత్తటి రబ్బరు, అక్కడి పాదరక్షల్లోకి అది అలా వచ్చింది. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకు ఇప్పుడు డాక్టర్లు రాసేదీ అదే. మీ అమ్మకు షుగరుంది కనక ముందు ఆమెకు ఒక జత కొను. రోజూ రాత్రి ఆమె అరికాళ్లు చూడటం నీ పనిగా పెట్టుకో. నీకైతే వెనక పట్టీ ఉన్నది దొరికితేనే తీసుకో.

షోరూములో చెప్పులు వేసుకోనివ్వరంటే, లోపల వాడే శుభ్రమైన జత ఒకటి లాకర్లో పెట్టుకుంటానని అడుగు. అదీ కాదంటే కౌంటరు వెనక రబ్బరు చాప వేయమని అడగండి. ధవళేశ్వరం నుంచి బస్సులో వస్తావు కదా, వానాకాలం దారిలో రబ్బరు చెప్పులు వేసుకుని, పనివి సంచిలో తెచ్చుకో. తడిస్తే ఎండలో పెట్టకుండా లోపల న్యూస్‌పేపరు కుక్కి ఫ్యాను కింద ఆరబెట్టు. రెండు జతలుంటే మార్చి మార్చి వేసుకోవచ్చు. వేళ్ల సందులు తుడుచుకోకపోతే చర్మం నాని పగులుతుంది.

ఎంత మంచి చెప్పయినా కూర్చోవడానికి బదులు కాదు. కోళికోడ్‌లో విజి అనే దర్జీ మహిళ, కొట్లలో పనిచేసే ఆడవాళ్లను కూడగట్టి పోరాడితే, 2018లో కేరళ ప్రభుత్వం కొట్లలో కూర్చునే వీలు కల్పించాలని చట్టం మార్చింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్లకైతే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఆ ఏర్పాటు చేశారు. అంటే నువ్వు కోరేది గొంతెమ్మ కోరికేం కాదు. ఒక్కదానివీ వెళ్లకు. మీ సెక్షన్లో పాతకాపులైన అక్కలను వెంటబెట్టుకుని, రద్దీ లేని మధ్యాహ్నం వేళ మేనేజరు దగ్గరకు వెళ్లి, బేరం లేనప్పుడు కూర్చోవడానికి రెండు స్టూళ్లు వేయమని మర్యాదగా అడగండి. ఇచ్చే లోపల ఊరికే నిలబడకు. మడమలెత్తి దించుతూ ఉండు, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చు. ఇంటికొచ్చాక కాళ్లు గోడకు ఆనించి కాసేపు పడుకో. ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా ఉండి నొప్పి పెడితే మాత్రం తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు.

డబ్బులు నీ ఫోనుకు పంపాను. చీరకో చెవిదుద్దులకో మళ్లించకు. మార్చిస్తారో లేదో కొనేముందే అడిగి బిల్లు దాచుకో. రెండు మూడు సాయంత్రాలు ఇంట్లో నేల మీదే వేసుకుని తిరుగు. మడమ దగ్గర ఒరిసినా, చిటికెన వేలు నొక్కుకున్నా ఆ వారంలోనే తీసుకెళ్లి మార్చుకో.

ఇట్లు
మీ పెద్దమ్మ