ప్రోస్టేట్ క్యాన్సర్ – బాధ కలిగే వరకు ఆగరాదు

మూత్రాశయం దిగువన మూత్రనాళాన్ని చుట్టుకొని, ఇంచుమించు పెద్ద ఉసిరికాయంత ఉండే గ్రంథియే ప్రోస్టేట్. వయసు మీరినకొద్దీ ఇది పెరిగి, మూత్రధార సన్నగిల్లడం, రాత్రివేళ పలుమార్లు లేవవలసిరావడం సర్వసాధారణం. సిగ్గుతో ఇంట చెప్పుకోని పెద్దలు ఎందరో! అయితే ఆ ఇబ్బంది చాలావరకు క్యాన్సర్ వలన కలిగేది కాదు. క్యాన్సర్ తరచుగా గ్రంథి వెలుపలి భాగాన పుట్టి, తొలిదశలో ఏ బాధా కలిగించదు. నడుము, తుంటి ఎముకలు నొప్పి పెట్టేనాటికి అది ఎముకలకు పాకి ఉండవచ్చును. కావున 50 ఏళ్లు నిండినవారు, తండ్రికో సోదరునికో ఈ వ్యాధి వచ్చి ఉంటే 45 నుండే, పి.ఎస్.ఎ. రక్తపరీక్ష విషయమై వైద్యుని సంప్రదించాలి. ఫలితం హెచ్చుగా వచ్చినంత మాత్రాన క్యాన్సర్ అని భయపడనక్కరలేదు; గ్రంథి పెరుగుదల, ఇన్ఫెక్షన్ కూడా దానిని పెంచుతాయి. నిర్ధారణ బయాప్సీతోనే. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ఏ వయసువారైనా వెంటనే వైద్యునికి చూపించుకోవాలి.