మొదటి మూడు దినములు

అండమాను ద్వీపముల ముఖ్యనగరమున అబర్డీన్ బజారు గలదు. మొదటి ప్రపంచయుద్ధమున అసువులు బాసిన సైనికుల స్మృత్యర్థము నిర్మింపబడిన గడియారస్తంభము అచ్చట నిలిచియున్నది. పోర్టుబ్లెయిర్ అను ఆ నగరమునకు 2024వ సంవత్సరమున శ్రీవిజయపురమను క్రొత్తపేరు వచ్చినను, బజారు పేరు మాత్రము మారలేదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి సముద్రము దాటివచ్చి స్థిరపడిన తెలుగువారు ఆ నగరమున పెక్కండ్రు. చేపలవేట, కూలిపని, చిల్లర వర్తకము వారి జీవనాధారములు.

అట్టి యింటి నొకదానిని ఊహించుకొందము. యజమాని పది సంవత్సరములుగా ప్రతిదినము త్రాగుచున్నాడు. తెల్లవారగనే చేతులు వణకును. ఆ వణకు తగ్గుటకై మరల ఒక గ్రుక్క. ఒకనాటి రాత్రి భార్య బిడ్డను ముందు నిలిపి, "రేపటినుంచి తాగనని దీని తలమీద చెయ్యేసి ఒట్టెయ్యయ్యా" అన్నది. అతడు వేసెను. మనఃపూర్వకముగనే వేసెను. ఆ యొట్టులో అసత్యము లేదు. కాని దానివలన ప్రాణాపాయము గలదని ఆ దంపతు లిరువురును ఎఱుగరు.

కారణ మేమన, మద్యము మెదడును మందగింపజేయును. నిత్యము త్రాగువాని మెదడు ఆ మందమును ఎదిరించుటకై తన వేగమును పెంచుకొని, అట్లే అలవాటుపడును. మద్యము హఠాత్తుగా తొలగగా, ఎదిరించు శక్తి మాత్రము మిగులును. ఎదురుగాలికి ఆనుకొని నడచువాడు గాలి ఆగినంతనే ముందునకు తూలిపడునట్లు ఇది జరుగును. కడపటి గ్రుక్క తరువాత కొన్ని గంటలకే వణకు, చెమట, వాంతి, నిద్రలేమి మొదలగును. రెండు దినములలోపల కొందఱికి మూర్ఛ వచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినమువఱకు కొందఱు జ్వరముతో సంధి ప్రేలాపన చేయుదురు. గోడపై పురుగులు ప్రాకుచున్నవందురు, తా మెచ్చట నున్నది మఱతురు. దయ్యము పట్టినదని భూతవైద్యునికై పరుగెత్తువారు నేటికిని గలరు. ఇది దయ్యము గాదు, పిచ్చియు గాదు. చికిత్స లేనిచో మరణము కలిగింపగల శరీరవ్యాధి. త్రాగువారందఱకు ఇట్లు జరుగదు. ఉదయమున వణకు గలవారును, పూర్వము మూర్ఛ వచ్చినవారును వైద్యుని చూడక మానరాదు.

విశాఖపట్టణమునకు ఓడ చేరుటకు రెండు మూడు దినములు పట్టును. "ఓడ యెక్కినది మొదలు ముట్టను, ఊరికి మంచివాడనై దిగుదును" అని తలంచువాని సంకల్పము శ్లాఘ్యమే. కాని అతని శరీరమునకు అత్యంత ప్రమాదకరమైన గంటలు నడిసముద్రమున గడచును. అట్టివాడు ముందు ఒడ్డుననే ఆసుపత్రికి పోవలెను. వైద్యుడు శాంతపరచు ఔషధమును తగు మోతాదున ఇచ్చి, దినక్రమమున తగ్గించును. మెదడును కాపాడుటకై బి-1 విటమిను నిచ్చును. ఆ మాత్రలను అంగడిలో కొని స్వయముగా మ్రింగుట వేఱొక వ్యసనమునకు దారి.

నల్లమందు జాతి మత్తుపదార్థముల విషయము కొంత వేఱు. మానునప్పటి బాధ దుర్భరమైనను, దానివలననే ప్రాణము పోవుట అరుదు. అపాయము తరువాత పొంచియుండును. కొన్ని వారములు మానినవాని శరీరము పూర్వపు మోతాదును భరింపలేదు. మరల ఒక్కసారి పాత లెక్కనే తీసికొన్నచో ఊపిరి నిలిచిపోవచ్చును.

ఒట్టు వ్యర్థమా? కాదు. మన తెలుగువారిలో అయ్యప్ప మాల ధరించి నలుబదియొక్క దినములు చుక్క ముట్టనివారు వేలకొలది. (మాలకు ముందునాటి రాత్రి "ఇదే కడపటిది" యని మితిమీరి త్రాగువారిని కూడ మన మెఱుగుదుము.) వారిలో కొందఱు మాల తీసిన వెంటనే పాతదారి పట్టుదు రేల? భక్తి చాలకగా దని నా యభిప్రాయము. దీక్షలో తెల్లవారుజామున స్నానము గలదు, గురుస్వామి గలడు, సాయంకాలము కలిసి కూర్చుండు తోడివారు గలరు, అందఱును "స్వామీ" యని గౌరవముగా పిలుతురు. మాలతోబాటు ఇవన్నియు ఒకేనాడు తొలగును. కూలిడబ్బు చేతబడు సాయంకాలము, పాత స్నేహితులు, దుకాణపు వీధి మాత్రము యథాస్థానమున నుండును. కావున నలుబదిరెండవ దినమున ఎవరితో కూర్చుండవలెనో, ఏ వీధిన ఇల్లు చేరవలెనో మాల వేసిననాడే నిర్ణయించుకొనుట మేలు.

అమెరికాలో అక్రన్ నగరమున 1935వ సంవత్సరమున బిల్ విల్సన్ అను వర్తకవ్యవహారియు, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడును ఈ తోడునే ఆశ్రయించిరి. ఇరువురును త్రాగుడుచే చెడినవారే. జన్మాంతము మానుదునను ప్రతిజ్ఞకు బదులు, ఈ ఒక్క దినము మానుదునను నియమము వారి సంఘమున ప్రచారమునకు వచ్చినది.

మన దేశమున గిరీశచంద్రఘోషు కథ ప్రసిద్ధము. ఆ నాటకకర్త మద్యపానాసక్తుడై యుండగా శ్రీరామకృష్ణులు అతనిని మానుమని నిర్బంధింపలేదు, తలుపు మూయలేదు. త్రాగివచ్చిన మనుష్యుని ఇంట చేర్చుకొనుట వేఱు, త్రాగుడును సమర్థించుట వేఱు. ఈ భేదము కుటుంబములకు చాల కష్టమైనది. ముఖ్యముగా దెబ్బలు తిన్న భార్యకు. ఆమె తన్నును బిడ్డలను ముందు కాపాడుకొనవలెను. అట్లు చేయుట ద్రోహము కానేరదు.

భారతప్రభుత్వము 14446 అను ఉచిత టెలిఫోను సహాయమును నెలకొల్పినది. ఆసుపత్రికి పోవునప్పుడు ఒక కాగితముపై నాలుగు సంగతులు వ్రాసికొని పోవలెను: దినమున కెంత త్రాగును, ఎన్ని యేండ్లుగా, కడపటిసారి త్రాగినది ఏ గంటకు, పూర్వము మూర్ఛ వచ్చినదా. రోగి సిగ్గుచే తగ్గించి చెప్పును గాన, ఆ కాగితము భార్యయో అన్నయో వ్రాసి చేత పట్టుకొని వెంట పోవలెను.