బరువు బండ్ల చక్రములను నడిమికి కూర్చి బిగించుట

పంట పండించుట ఎంత ముఖ్యమో, పండిన పంటను చెడకుండ మార్కెటుకు చేర్చుటయు అంత ముఖ్యము. ఒకప్పుడు ఎడ్లబండి చేసిన పనిలో చాల భాగము నేడు పికప్పు బండ్లును, ట్రాక్టరు ట్రాలీలును చేయుచున్నవి. రాత్రివేళ మిరప బస్తాలతో గుంటూరు యార్డుకు పోవు బండికి గాని, తెల్లవారకముందే టమాటాలతో మదనపల్లె చేరవలసిన బండికి గాని దారిలో చక్రము ఊడినచో నష్టపోవునది సరుకు ఒక్కటే కాదు. బండిలోని వారి ప్రాణము, ఎదురుగా వచ్చు బాటసారి ప్రాణము కూడ అపాయములో పడును.

దీనిని చాలమంది ఖర్మమని సరిపెట్టుకొందురు. కాని విచారించి చూచినచో, పంక్చరు వేయించిన పిదపనో, టైరు మార్చిన పిదపనో చక్రమును తిరిగి ఎక్కించునప్పుడు జరిగిన పొరపాటే తరచు దీనికి కారణమగును. ఆ పొరపాటు జరుగకుండ చూచుకొనుట మీ చేతిలోని పని.

చక్రమునకు కావలసిన రెండు పనులు

ఎడ్లబండి చక్రమును తలచుకొనుడు. నడుమ కుండ, దానినుండి ఆకులు, చుట్టును పూటీలు, వాటిపై ఇనుప పట్టా ఉండును. కుండలో దూరిన ఇరుసు చక్రమును సరిగా నడుమ నిలుపును. ఇరుసు చివరనున్న చీల చక్రము జారిపోకుండ కాపాడును. అనగా నడుమ నిలుపుట ఒక పని, ఊడకుండ పట్టుట మరియొక పని.

మోటారు బండి చక్రమునకును ఈ రెండు పనులే కావలెను. చక్రపు కేంద్రము, హబ్ కేంద్రము ఒక్కటిగా కలియవలెను. వెంట్రుకవాసి తప్పినను బండి వేగమందుకొన్నప్పుడు చక్రము ఎగిరెగిరి పడును, స్టీరింగు వణకును, టైరు ఒకేచోట అరుగును. కేంద్రము కలిసిన పిదప చక్రము హబ్‌ను గట్టిగా కరచుకొని యుండవలెను.

నడుమ నిలుపు రెండు పద్ధతులు

మొదటి పద్ధతిలో హబ్ నడుమ ఎత్తుగా ఒక గుండ్రని గట్టు ఉండును. చక్రపు నడిమి రంధ్రము ఆ గట్టుపై చక్కగా సరిపోవునట్లు చేయబడి యుండును. చక్రమును గట్టుపై కూర్చుండబెట్టగానే కేంద్రము కలియును. ఇక నట్లు చేయునది బిగించు పని మాత్రమే. అందుచే వీటి ముఖము చదునుగా ఉండును, తరచు వెడల్పయిన వాచరు నట్టుతోనే కలిసి వచ్చును. బరువు మోయు పికప్పు బండ్లలోను, నేటి లారీలలోను ఈ పద్ధతి ఎక్కువ.

రెండవ పద్ధతిలో నట్లే చక్రమును నడుమకు తెచ్చును. నట్టు ముఖము గరాటువలె ఏటవాలుగా నుండును. కొన్నింటిలో బంతివలె గుండ్రముగా నుండును. చక్రపు రంధ్రముల అంచులు కూడ అదే ఆకారములో పల్లముగా నుండును. ప్రతి నట్టును తన పల్లములో కూర్చున్నప్పుడు చక్రము అన్ని వైపుల నుండి సమానముగా లాగబడి నడుమకు వచ్చును. ఇందులో నట్లు బిగించు వరుస తప్పినచో చక్రము ఒక ప్రక్కకు ఒరిగి అక్కడనే బిగిసిపోవును.

ఒక పద్ధతి నట్టును మరియొక పద్ధతి చక్రమునకు వాడరాదు. మర సరిపోయినదని చదును ముఖము గల చక్రమునకు గరాటు నట్టు వేసినచో, అది రంధ్రపు అంచును మాత్రమే తాకి కొద్ది దూరములోనే వదులగును. అట్లే గరాటు నట్టునకు మారుగా బంతి ముఖపు నట్టు వేయుటయు కూడదు.

బరువు మోయునది ఏది?

చక్రము స్టడ్లపై వ్రేలాడుచున్నదని పలువురు తలంతురు. అది నిజము కాదు. నట్టును బిగించినప్పుడు స్టడ్డు కంటికి కనబడనంతగా సాగి, స్ప్రింగువలె చక్రమును హబ్ ముఖమునకు అదిమి పట్టును. ఆ అదుముడు వలన పుట్టు ఒరపిడియే బండి బరువును, బ్రేకు దెబ్బను తట్టుకొనును. బిగింపు సడలినచో చక్రము ప్రతి చుట్టునకు కొంచెము కదలును, రంధ్రములు కోడిగ్రుడ్డువలె సాగును, స్టడ్లు వంగి వంగి తుదకు తెగును. కావున చక్రమునకు, హబ్‌కు మధ్య మట్టి, తుప్పు, మందమైన రంగు ఉండరాదు. ఇవి మొదట గట్టిగా ఉన్నట్లే తోచును. నాలుగు గుంతలలో పడగానే నలిగి పలుచబడును. వాటితోపాటు బిగింపును పోవును.

కంటికి ఒక్కటే, కొలతకు వేరు

పికప్పు బండికి పుట్టినిల్లు అమెరికా. ఫోర్డు కంపెనీ 1925లో మోడల్-టి కారు వెనుక తొట్టి అమర్చి ఫ్యాక్టరీ నుండియే అమ్మెను. ఆ దేశపు నేటి బరువు పికప్పులు మనకొక మంచి పాఠము చెప్పును. వెనుక ఒంటి చక్రములు గల రామ్ 2500, ఫోర్డు ఎఫ్-250, జనరల్ మోటార్స్ వారి 2500 తరగతి బండ్లు మూడింటికిని చక్రమునకు 8 స్టడ్లే. కాని స్టడ్ల కేంద్రములగుండ గీసిన వృత్తపు అడ్డుకొలత రామ్‌లో 165.1 మిల్లీమీటర్లు. 1999 నుండి ఫోర్డులో అది 170, 2011 నుండి జనరల్ మోటార్స్‌లో 180 మిల్లీమీటర్లు. నడిమి రంధ్రములును వేరు. మొదటి రెండింటికి తేడా 5 మిల్లీమీటర్లు కూడ లేదు. కంటితో చూచి చెప్పలేము. బలవంతముగా ఎక్కించినచో స్టడ్లు వంగును.

మన ఊళ్లలో పాత సామాను దుకాణమున చక్రము కొనునప్పుడు కూడ ఇదే జాగ్రత్త అవసరము. రంధ్రముల లెక్క చాలదు. వృత్తపు కొలత, నడిమి రంధ్రము, నట్టు ముఖము, మోయగల బరువు, ఈ నాలుగును మీ బండికి సరిపోవలెను. నడిమి రంధ్రము పెద్దదయినచో, గట్టు పద్ధతి బండిలో చక్రమునకు ఆధారము పోయినట్లే.

ఎక్కించు విధానము

1. బండిని చదునైన గట్టి నేలపై నిలిపి, చేతి బ్రేకు వేసి, ఎదుటి ప్రక్క చక్రమునకు ముందు వెనుకల రాళ్లు గాని చెక్కలు గాని పెట్టవలెను. సరుకు దింపుట మేలు.

2. చక్రము నేలపై ఉండగానే నట్లను కొంచెము వదులు చేయవలెను. కొన్ని పాత లారీలకు ఎడమ ప్రక్క ఎడమ మరలు ఉండును. అవి తిరుగు దిక్కు వేరని మరువరాదు.

3. జాకీ క్రింద దళసరి పలక వేసి, బండి తయారీదారు చూపిన చోటనే ఎత్తవలెను. జాకీపై నిలిచిన బండి క్రింద ఎవరును దూరరాదు.

4. హబ్ ముఖమును, చక్రపు ముఖమును, నట్లు కూర్చుండు చోట్లను తీగ బ్రష్షుతో తుడువవలెను. పగుళ్లు, సాగిన రంధ్రములు ఉన్న చక్రమును వాడరాదు.

5. నడిమి గట్టుకు పలుచగా గ్రీజు పూసినచో తుప్పు పట్టి కరచుకొనదు. స్టడ్డు మరలకు, నట్టు ముఖమునకు, చక్రము ఆనుకొను ముఖమునకు గ్రీజు తగులరాదు. మరలకు నూనె ఉన్నచో అదే బలమునకు స్టడ్డు ఎక్కువగా సాగి తెగు ప్రమాదము కలదు. వాచరు కలిసిన నట్లకు ఎక్కడైన ఒక చుక్క నూనె వేయుమని తయారీదారు పుస్తకము చెప్పినచో, చెప్పిన చోటనే వేయవలెను.

6. నట్లన్నింటిని ముందు చేతివ్రేళ్లతో ఎక్కించవలెను. చేతికి ఎక్కని నట్టును పానాతో ఎక్కించినచో మర చెడును.

7. చక్రము ఇంకను గాలిలో ఉండగా నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించవలెను. అప్పుడే చక్రము బరువు అడ్డురాక నడుమ కూర్చుండును. వరుసగా అంకెలు వేసుకొన్నచో 5 నట్లకు 1-3-5-2-4, 6 నట్లకు 1-4-2-5-3-6, 8 నట్లకు 1-5-3-7-2-6-4-8 అను క్రమము అనుకూలము.

8. చక్రమును నేలకు దించి, అదే క్రమములో రెండు మూడు విడతలుగా పూర్తి బిగింపు ఇవ్వవలెను.

వెనుక జంట చక్రములున్న బండికి రెండు చక్రముల ముఖములను శుభ్రపరచవలెను, రెండు టైర్లు ఒకే కొలతలో ఉండవలెను.

ఎంత బిగించవలెను?

పానాకు గొట్టము తొడిగి, పైకెక్కి త్రొక్కుట గట్టితనము కాదు. అది స్టడ్డును సాగదీసి బలహీనపరచుట. ప్రతి బండికిని బిగింపు కొలత తయారీదారు పుస్తకములో ఉండును. దానిని న్యూటన్ మీటర్లలో చెప్పుదురు. మీటరు పొడవు గల పానా చివర 10 కిలోల బరువు వ్రేలాడదీసినచో కలుగు మెలి సుమారు 100 న్యూటన్ మీటర్లు. పైని చెప్పిన ఫోర్డు బండి నట్లకు సుమారు 224 న్యూటన్ మీటర్లు కావలెను. ఇది ఆ బండి కొలతయే, మీ బండికి కాదు. గాలి మిషనుతో బిగించిన మేస్త్రీని, చివరి బిగింపు మాత్రము కొలత చూపు టార్కు పానాతో ఇమ్మని అడుగుడు. అడుగుటకు మొగమాటపడవద్దు.

మరల బిగించుట మరువవద్దు

గడ్డిబండికి మోకు ఎంత బిగించి కట్టినను, మైలు దూరము పోవుసరికి గడ్డి అణగి మోకు వదులగును. అనుభవము గల రైతు బండి ఆపి మోకు మరల బిగించి గాని ముందుకు పోడు. చక్రము సంగతియు అంతే. ఎక్కించిన తరువాత ముఖములు ఒకదానిపై ఒకటి సర్దుకొని బిగింపు కొంత తగ్గును. కనుక మొదటి 50 నుండి 100 కిలోమీటర్లలోపల నట్లను మరల కొలతకు బిగించవలెను. ట్రాలీకిని, ట్రాక్టరు వెనుక చక్రములకును ఇదే నియమము. వీటికి మీటరు లెక్క కుదరనిచో, మొదటి కొన్ని గంటల పని తరువాత చూడవలెను.

ప్రమాదమును ముందే తెలుపు గుర్తులు

నట్టు నుండి ఎర్రని తుప్పు చారలు దిగుట, నట్టు చుట్టును ఇనుము క్రొత్తగా మెరయుట, నెమ్మదిగా పోవునప్పుడు చక్రము దగ్గర టకటక శబ్దము వచ్చుట, స్టీరింగు క్రొత్తగా వణకుట. వీటిలో ఏ ఒక్కటి కనబడినను వెంటనే బండి ఆపి చూడవలెను. ఒక స్టడ్డు తెగినచో దానితోపాటు ఇరుప్రక్కల స్టడ్లను కూడ మార్చవలెను, ఏలయనగా తెగినదాని భారము వాటిపై పడి యుండును. రెండు గాని అంతకు మించి గాని తెగినచో ఆ చక్రపు స్టడ్లన్నింటిని మార్చుట క్షేమము.

ఎడ్లను కట్టుటకు ముందు ఇరుసు చీల తడిమి చూచుట మన పెద్దల అలవాటు. బండి మారినది గాని ఆ అవసరము మారలేదు. సరుకు ఎక్కించుటకు ముందు బండి చుట్టును ఒకసారి తిరిగి, ప్రతి చక్రపు నట్లను కంటితో చూచి, చేతితో తాకుడు. రెండు నిమిషముల ఈ పని మీ పంటను మార్కెటుకును, మిమ్ములను ఇంటికిని క్షేమముగా చేర్చును.