మోళిగ మారయ్య కట్టెల మోపు: కాయక పాఠము



కాయకమనగా ఏమి యని అడిగినచో మనలో పెక్కుమంది "పని చేయుట" యని తడుముకొనక చెప్పుదురు. ఆ సమాధానము తప్పు కాదు, కాని చాలదు. కాయమనగా దేహము. దేహమును శ్రమపెట్టవలెను, సత్యముగా సంపాదింపవలెను, సంపాదించినది దాసోహమునకు సమర్పింపవలెను. ఈ మూడును కలిసినప్పుడే పని కాయకమగును. ఒకటి లోపించినను అది జీవనోపాధి మాత్రమే. ఈ విషయమును నేడు కట్టెలు కొట్టుట అను పనిని ఆధారముగా గొని విచారింతము.

మారయ్య చరిత్ర

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున వెలసిన శరణులలో మోళిగ మారయ్య ఒకడు. మోళిగె యనగా కన్నడమున కట్టెల మోపు. ఆయన కాశ్మీర దేశమునకు రాజనియు, బసవేశ్వరుని కీర్తి విని రాజ్యమును విడిచి భార్యతో కల్యాణమునకు వచ్చెననియు సంప్రదాయము చెప్పుచున్నది. అడవికి పోయి కట్టెలు కొట్టి, మోపుగట్టి, తలపై మోసి తెచ్చి అమ్మి, వచ్చిన దానితో ఆ దంపతులు జంగమ దాసోహము నడిపిరి. భార్యయైన మహాదేవమ్మ కూడ వచనములు చెప్పిన శరణి. భర్త వచనముల ముద్ర "నిఃకళంక మల్లికార్జున". ఆమె ముద్రలో "ఇమ్మడి నిఃకళంక మల్లికార్జున" యని యుండును. మోపు ఆయనది, పొయ్యి ఆమెది, కాయకము ఇద్దరిది.

ఒకనాడు బసవేశ్వరుడు జంగమ వేషమున వారి ఇంటికి వచ్చి, వారి పేదరికమును చూచి, ఎవరికిని తెలియకుండ ధనము నుంచి వెళ్ళెనట. మారయ్య దానిని తన కొరకు ఉంచుకొనక జంగములకు పంచివేసెనట. ఇచ్చినవాడు సాక్షాత్తు బసవన్నయే యైనను, తన చెమట లేని ధనముతో తన దాసోహము నడుపుట మారయ్యకు సమ్మతము కాలేదు. ఈ కథలోని సారమిదియే.

కట్టె కొట్టుట యందలి ధర్మము

ఈ పని బలముతో మాత్రమే అగునది కాదు, ముందుచూపు కావలెను. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. దానిని పొయ్యిలో పెట్టినచో మంటలోని వేడి అన్నము నుడికించుటకు ముందు ఆ నీటిని ఆవిరి చేయుటకే ఖర్చగును. మంట చల్లబడును, పొగ లేచును. కావున మార్గశిర పుష్య మాసముల చలికి కావలసిన కట్టెలను ఆ చలిలోనే కొట్టబోవుట అవివేకము. ముందటి మాఘ ఫాల్గుణములందే కొట్టి చీల్చి, ఎండకాలమంతయు ఆరనిచ్చి, ఆషాఢపు వానలకు ముందే పంచ క్రిందకు చేర్చవలెను. తుమ్మ వంటి గట్టికట్టె దుంగలు లావుగా నున్నచో ఒక్క వేసవి చాలకపోవచ్చును.

చీల్చుట ఎందులకు? కట్టెలోని నీరు నారల వెంబడి నడచి కోసిన కొనల నుండి త్వరగా పోవును. బెరడు దానిని అడ్డగించును. దుంగను మూరెడు ముక్కలుగా కోసి నిలువున చీల్చినచో గాలి తగులు ముఖము పెరుగును. క్రింద ఒక లావుపాటి మొద్దు నుంచి దానిపై ముక్కను నిలిపి కొట్టవలెను. అప్పుడు గొడ్డలి రాతికి తగులదు. కణుపు మీద కొట్టక, అప్పటికే నెరియలు విచ్చిన చోట నార వెంట వేటు వేయవలెను. లొంగని దుంగకు చీల దిగగొట్టి సమ్మెటతో మోదవలెను. పని మొదలు పెట్టుటకు ముందు గొడ్డలి కామలో బిగువుగా నున్నదో లేదో చూడవలెను. ఎదుట ఎవరిని నిలువనీయరాదు.

పేర్చునప్పుడు క్రింద రాళ్ళు గాని అడ్డదుంగలు గాని వేసి, చెదపట్టకుండ నేలకు ఎడముగా పేర్చవలెను. పైన కప్పు, ప్రక్కల గాలి యుండవలెను. పేర్పులో తేళ్ళు, పాములు చేరును గనుక కఱ్ఱతో కదలించిన పిమ్మటనే చేయి పెట్టవలెను. రెండు ముక్కలు తాటించినపుడు ఖంగుమన్నచో ఎండినట్లు. మొద్దుగా చప్పుడైనచో ఇంకను తడి కలదు.

పచ్చని చెట్టును ఇష్టానుసారముగా నరకుట కాయకము కాదు. 2002 నాటి నీరు, భూమి, వృక్షముల పరిరక్షణ చట్టము మన రెండు తెలుగు రాష్ట్రములందును చెట్ల నరికివేతకు నియమములు విధించినది. అనుమతి విషయము విచారింపనిదే గొడ్డలి ఎత్తరాదు. ఎండిన కొమ్మలు, గాలికి పడినవి, చేనిగట్ల మీద ప్రాకిన సర్కారు తుమ్మ చాలును. సర్కారు తుమ్మ మన దేశపు చెట్టు కాదు. 1870వ దశకమున కడప జిల్లా కమలాపురము ప్రాంతమున నాటబడి, అటుపిమ్మట మెట్ట భూములెల్ల నాక్రమించినది. నరికిన మొదలు నుండి మరల చిగుర్చును, మంచి నిప్పునిచ్చును. ముండ్ల యెడల మాత్రము జాగ్రత్త.

పొయ్యి ముందరి తల్లి

కట్టె సరిగా ఎండకున్నచో శిక్ష ఎవరికి? కొట్టినవానికి కాదు. పొయ్యి ముందు కూర్చుండి ఊదుగొట్టముతో ఊదుచు కన్నీరు కార్చు తల్లికి, కోడలికి. ఆ పొగ కన్నులకు, ఊపిరితిత్తులకు చేటు. ఏండ్ల తరబడి పీల్చినచో తీరని శ్వాస వ్యాధులు వచ్చును. మూలనున్న గొడ్డలిని మాఘమున ముట్టని పురుషుని సోమరితనమును పుష్యమాసమున ఆ ఇంటి స్త్రీ పొగ రూపమున అనుభవించును. ఎండుకట్టెకును కొంత పొగ తప్పదు. కావున వంటింట పొగ పోవు దారి యుంచుటయు ఈ కాయకములోని భాగమే.

2016లో ప్రారంభమైన ఉజ్జ్వల పథకముతో అనేక పేద గృహములకు సైతము గ్యాసు పొయ్యి వచ్చినది, ఇది మేలు. అయినను పల్లెలలో చలికాలపు నీళ్ళ కాగు క్రింద, జాతర నాటి పెద్ద గుండిగల క్రింద నేటికిని కట్టెయే మండుచున్నది. అచ్చట మనము చేయుచున్నదేమి? దాసోహమునకు బియ్యపు బస్తాలిచ్చినవారి పేర్లు చదువబడును. కట్టెలు చీల్చినవాని పేరు ఎవరికిని తెలియదు. భోజనము ముగిసిన పిమ్మట అతడు చివరి పంక్తిలో కూర్చుండును. మారయ్య నేడు మన మధ్యకు వచ్చినచో ఏ పంక్తిలో కూర్చుండబెట్టుదుము?

ఇచ్చుట మంచిదే. అయితే ఇచ్చిన చేయి ఒక్కనాడైనను గొడ్డలి కామను పట్టవలెను. రాబోవు మాఘమున ఇంటి యజమానులు, యువకులు తమ ఊరి మఠమునకు పోయి ఒక పూట కట్టెలు చీల్చి పేర్చి రండు. పిల్లలను వెంట గొనిపోయి, చిన్న ముక్కలు అందించు పని వారికి అప్పగింపుడు. చేయి నొచ్చిన వానికి దాసోహపు ముద్ద రుచి వేరుగా తెలియును.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. బసవేశ్వరుడుంచిన ధనమును మారయ్య తన కొరకు ఏల ఉంచుకొనలేదు?

2. మన ఇంట ఒకరి శ్రమ లోపము వలన మరియొకరు బాధపడు పనులేవి?

3. మీ ఊరి దాసోహమున కట్టెలు కొట్టువారెవరు? వారి పేరు మీకు తెలియునా?