రిపోర్టులో లేని చేదు

పాపా,

నేలవేము ఆకు చెడిపోలేదు, నువ్వు ఏడవాల్సిన పనీ లేదు. జీసీ-ఎంఎస్ రిపోర్టులో ఆకు చేదుకు మూలమైన ఆండ్రోగ్రాఫోలైడ్ రాలేదని అర్ధరాత్రి మెసేజ్ పెట్టావే, వచ్చుంటేనే నాకు అనుమానం కలిగేది. జీసీ-ఎంఎస్‌లో కనబడాలంటే పదార్థం వేడికి చెక్కుచెదరకుండా ఆవిరి కావాలి. నేలవేము చేదుది అణుభారం 350, ఒంటి మీద మూడు హైడ్రాక్సిళ్లు. అది అంత తేలిగ్గా లేవదు, వేడెక్కిస్తే విరుగుతుంది. పైగా నువ్వు పంపింది హెక్సేన్ సారం. అందులోకి కొవ్వులు, మైనాలు దిగుతాయి గానీ చేదు దిగదు. మిగిలిన పిప్పి పారేయలేదు కదా? నీకు కావలసింది అందులోనే ఉంది.

ఇక వచ్చిన పేర్లు. ఫైటాల్ అంటే పత్రహరితం తోక. చింతాకు పంపినా వస్తుంది. హెక్సాడెకనోయిక్ ఆమ్లం మన వంటనూనెల్లోని పామిటిక్ ఆమ్లమే. ఈ రెండిటినీ పట్టుకొని క్యాన్సర్‌ను అడ్డుకునే గుణాలని ఒక పేరా రాసేశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

డైఆక్టైల్ థాలేట్ సంగతేంది? నేలవేము చేసిందనుకున్నావా? ప్లాస్టిక్‌ను మెత్తపరచడానికి కలిపే సరుకది. ద్రవ్యరాశి 149 దగ్గర అన్నిటికన్నా పొడుగ్గా లేచే గీత దాని ఆనవాలు. రబ్బరు గొట్టమో, ప్లాస్టిక్ మూతో హెక్సేన్‌కు తగిలితే చాలు, వచ్చి కూర్చుంటుంది. ఆకు వేయకుండా అదే హెక్సేన్‌ను అదే సామానులో అన్ని గంటలే మరిగించి, అంతకే ఇంకించి పంపు. అక్కడా 149 లేచిందంటే తప్పు నీ సామానుది. ఈ ఖాళీ పరీక్ష లేకుండా అచ్చయిన వ్యాసాలు బోలెడు. వాటిని చూసి నేర్చుకోవద్దు.

యంత్రం ఇచ్చేది పోలిక మాత్రమే పాపా. తన లైబ్రరీలో ఉన్నవాటిలో దగ్గరిది చూపిస్తుంది, లేనిదాన్ని ఎట్లా చూపిస్తుంది? వాల్తేరులో టి.ఆర్. శేషాద్రి గారు పత్తిపూల నుంచి గాసిపెటిన్ వంటి పసుపు రంగులు తీసినప్పుడు ఈ పెట్టెలు లేవు. ఆ తరం వాళ్లు స్ఫటికం కట్టించి, అది ఏ వేడికి కరుగుతుందో చూసేవాళ్లు. తర్వాత, ముందే తెలిసిన పదార్థాన్ని దాంతో కలిపి నూరి, సన్నని గాజుగొట్టంలో కూరి, మళ్లీ కరిగించేవాళ్లు. రెండూ ఒకటే అయితే అదే వేడికి కరుగుతుంది. వేరైతే ముందే మెత్తబడి జారిపోతుంది. ఆ పరీక్షలో నెగ్గితేనే పేరు. అంతకు ముందే, 1911లో గోర్టర్ అనే ఆయన నేలవేము చేదును శుద్ధంగా తీసిందీ ఈ పెట్టెలు లేని రోజుల్లోనే. నాకు ఇప్పటికీ కంప్యూటర్ చూపే శాతాల కంటే ఆ గాజుగొట్టం మీదే నమ్మకం. ముసలాడి చాదస్తం అనుకుంటే అనుకో.

పిప్పి ఆరబెట్టి మిథనాల్‌లో వేడి చెయ్యి. టీఎల్‌సీ ప్లేటు మీద మూడు చుక్కలు పెట్టు: స్టాండర్డు, నీది, మూడోచోట రెండూ ఒకదాని మీద ఒకటి. మూడోచోట స్టాండర్డు ఎత్తులోని చుక్క రెండుగా విడిపోతే నీది అది కాదు. విడిపోకపోతే కెడ్డే ద్రావణం చల్లు, ఊదా రంగు రావాలి. ఆ పైన హెచ్‌పీఎల్‌సీలో 223 నానోమీటర్ల దగ్గర చూడు. ఎల్‌సీ-ఎంఎస్ దొరికితే సోడియంతో కలిసి 373 దగ్గర కనబడుతుంది. మిగతాది మీ గైడు చెబుతారు.

మిద్దె మీద ఎండేశావని మీ అమ్మ చెప్పింది. కడప ఎండ వడియాలకు పెట్టు. ఆకుకు నీడ, గాలి చాలు.

సిద్ధవటం దగ్గర కోశానన్నావు, పూత లేదన్నావు. మరి నేలవేమేనని ఎవరు తేల్చారు? మన కొండల్లో ఆ జాతివి ఇంకా ఉన్నాయి. నల్లమల పేరే పెట్టుకున్న ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా ఉంది. వానలు వెనకబట్టాక అదే చోటికి పోయి, పూత, కాయ ఉన్న కొమ్మను నొక్కి ఆరబెట్టు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం వాళ్లకు చూపించి పేరు ఖాయం చేసుకో. గైడు దగ్గర ఉత్తరం తీసుకొని పో. బస్సులో అట్టల కట్ట ఒళ్లో పెట్టుకో, పైన సామాన్ల కింద పెట్టొద్దు.

మీ పెదనాయన,
కర్నూలు